హెబ్రీ పత్రికలో “ప్రపంచములు”: ఈ బహువచనం ఎక్కడిది?

ప్రశ్న:
మొన్న ఆదివారం యూత్ మీటింగులో గ్రహాంతరవాసుల మాట వచ్చింది. ఒక తమ్ముడు బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక (లేఖ) 1:2 తీసి, “ఆయన ద్వారా ప్రపంచములను నిర్మించెను” అని చదివి, “చూశారా, ఒక్క ప్రపంచం కాదు! వేరే గ్రహాల మీదా జీవులున్నట్టేగా?” అన్నాడు. 11:3లోనూ “ప్రపంచములు” అనే ఉంది. మనం మామూలుగా ప్రపంచం అనే అంటాం కదా, ఈ “ములు” ఎందుకొచ్చింది?

జవాబు:
గ్రీకు మూలంలోనే బహువచనం ఉందండి. అక్కడి మాట “అయోనాస్”, ఏకవచనంలో “అయోన్”. అసలు అర్థం కాలం, యుగం. అదే పత్రికలో 13:8 చూడండి: “యుగయుగములకు ఒక్కటే రీతిగా ఉండును”. అక్కడా ఉన్నది ఈ “అయోనాస్” మాటే. ఒకే మాట మొదటి అధ్యాయంలో ప్రపంచములు అయింది, చివరి అధ్యాయంలో యుగయుగములు అయింది. అనువాదకులను తప్పుపట్టను. హీబ్రూ “ఓలామ్” కూడా మొదట కాలాన్నే చెప్పి, తర్వాత లోకాన్ని కూడా చెప్పసాగింది. యూదుల గ్రీకులో “అయోన్”కూ ఆ రెండో అర్థం వచ్చింది. యోహాను 3:16లోని “లోకము” మాత్రం వేరే మాట, “కోస్మోస్”.

కాబట్టి తమ్ముడి లెక్క కుదరదు. అలాగని ఆ వచనం జీవులు లేరనీ చెప్పదు. పద్నాలుగు లోకాల కథలు విని పెరిగిన చెవికి “ప్రపంచములు” అనగానే గ్రహాలు తోస్తాయి, అంతే.

ఇంకొకరు:
మరి యోహాను 10:16? “ఈ దొడ్డివికాని వేరే గొఱ్ఱెలును నాకు కలవు”. దీన్ని కూడా అంతరిక్షానికి లాగేవాళ్లను చూశాను.

జవాబు:
ఆ దొడ్డి ఇశ్రాయేలు, వేరే గొఱ్ఱెలు అన్యజనులు అని సాధారణంగా చెప్పే అర్థం. అంటే మనమేనండీ ఆ వేరే గొఱ్ఱెలం!

గొఱ్ఱెల పోలికను నిజంగానే ఈ చర్చలోకి తెచ్చినాయన ఒకరున్నారు. అప్పటి వాటికన్ అబ్జర్వేటరీ (ఖగోళ పరిశోధనశాల) డైరెక్టర్, జెస్యూట్ అనే క్యాథలిక్ సన్యాస సంఘానికి చెందిన ఫాదర్ హోసే గాబ్రియేల్ ఫ్యూనెస్. 2008లో వాటికన్ దినపత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆయన లూకా 15 ఎత్తుకున్నారు; కాపరి తొంభై తొమ్మిది గొఱ్ఱెలను వదిలి, తప్పిపోయిన ఒక్కదాన్ని వెదకబోయే ఉపమానం అది. నూరింటిలో తప్పిపోయిన గొఱ్ఱె మనుషులమే కావచ్చు, ఎక్కడైనా వేరే జీవులుంటే వాళ్లు దేవునికి దూరం కాకుండానే ఉండవచ్చు అని ఆయన ఊహ. క్రీస్తు మరణం వాళ్లకూ వర్తిస్తుందా అన్న చిక్కు ప్రశ్నకు ఇదొక దారి. నాకు 10:16ను లాగడం కంటే ఇదే నచ్చింది.

తెలుగు బైబిలు ఆ తొంభై తొమ్మిదింటినీ “అడవిలో” వదిలింది. గ్రీకు “ఎరేమోస్” అంటే మనుషులు లేని చోటు. అడవి అనగానే మనకు చెట్లు కళ్ల ముందుకొస్తాయి, ఆ మాటలో చెట్లు లేవు.

ప్రశ్న అడిగినవారు:
తమ్ముడికి 13:8 చూపిస్తాను. ఒక్క చిన్న సందేహం: “గ్రహాంతరవాసి”లో అంతరం అంటే లోపల అనుకున్నాను ఇన్నాళ్లూ. “దేశాంతరం” లాంటిదా?

జవాబు:
అదేనండి. దేశాంతరం మరో దేశం, గ్రహాంతరం మరో గ్రహం.