సొంతంగా కట్టుకున్న విమానాలు: ప్రమాదాలకు మూలం పైలట్ వైఖరా, శిక్షణ లోపమా? (ఫోరం చర్చ, సభ్యుల మారుపేర్లతో)

రెండుసీట్లు:
అమెరికా నిబంధన ప్రకారం పైలట్ 24 నెలలకొకసారి ఇన్‌స్ట్రక్టర్‌తో కనీసం గంట పాఠం, గంట ప్రయాణంతో ఫ్లైట్ రివ్యూ పూర్తిచేయాలి. నేను దానిని ప్రతిసారీ క్లబ్బు సెస్నాలో (ఫ్యాక్టరీలో తయారైన చిన్న విమానం) ముగించి, మర్నాడు నేను కట్టిన విమానం ఎక్కుతున్నాను. స్టాల్ అయ్యే (రెక్కలు ఎత్తిపట్టే బలం కోల్పోయే) తీరు గానీ, దిగే వేగం గానీ రెండింటికీ కలవవు. నిబంధన దృష్టిలో మాత్రం నాలో ఏ లోటూ లేదు. మీరెలా చేస్తున్నారు?

తోకచక్రం:
నా మటుకు వైఖరే మూలం. 1997 అక్టోబరులో గాయకుడు జాన్ డెన్వర్ మరణించిన లాంగ్-ఈజీ విమానాన్నే (సొంతంగా కట్టుకునే ఒక డిజైన్) తీసుకోండి. ఇంధనం ఏ ట్యాంకు నుంచి రావాలో మార్చే పిడిని, విమానం కట్టినవారు డిజైన్‌లో చూపిన చోట కాక పైలట్ ఎడమ భుజం వెనుక అమర్చారు. అది చేతికి అందడం కష్టమని డెన్వర్‌కు ముందే తెలుసు. ఇంధనం మట్టం చూసుకోవడానికి మెకానిక్ ఒక చిన్న అద్దం కూడా ఇచ్చాడు. అయినా ఇంధనం అక్కర్లేదని బయలుదేరారు. రెండు వేల గంటలకు పైబడిన అనుభవం ఉన్నవారికి పిడి ఎక్కడుందో ఎవరూ నేర్పనక్కర్లేదు కదా.

వెనుకసీటు:
ఆ దర్యాప్తు నివేదికే ఆ రకం విమానంపై ఆయనకు తగిన శిక్షణ లేకపోవడాన్ని కూడా ప్రమాదానికి తోడ్పడిన అంశాల్లో చేర్చింది, అది మరవకండి. నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. పైకి లేచిన వెంటనే ఇంజిన్ ఆగినా వెనక్కి తిప్పి రన్‌వే మీద దించగలనని వాదించే ఒకాయనను మూడు వేల అడుగులకు తీసుకెళ్లి, చెప్పకుండా థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే మీట) మూసేశాను. నాలుగైదు సెకన్లు చేతులు కదల్లేదు. రన్‌వే గీతకు మళ్లీ చేరాలంటే 180 డిగ్రీలు చాలవు, ఇంకాస్త తిరగాలి. ఆ మలుపు ముగిసేసరికి తాను చాలునన్న ఎత్తుకు రెట్టింపు పోగొట్టుకున్నాడు. కిందికొచ్చాక ఆయన ఆ వాదన మళ్లీ ఎత్తలేదు. మరి మారింది వైఖరా, నైపుణ్యమా? (గాలిలో కంటే నేల మీద వాదించడం అందరికీ సులువే, నాకు కూడా.)

రెండుసీట్లు:
మీరు రాసినది చదివి, నిన్న ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నా విమానంలోనే సాధన చేశాను. ఇంజిన్ వేయకముందే, కళ్లు మూసుకుని ట్యాంకు మార్చమన్నారు. ఆరేళ్లుగా నేనే బిగించి, నేనే నడుపుతున్న విమానంలో నా చెయ్యి నేరుగా వెళ్లి ట్యాంకు పిడిని కాక కార్బ్యురేటర్ హీట్ (ఇంజిన్‌లోకి వేడిగాలి పంపే) గుండీని పట్టుకుంది.