పద్నాలుగేళ్ల బాబుకి క్రోన్స్: ముందు మాత్రలా, నేరుగా ఇంజెక్షనా?

మర్రిపాలెం అమ్మ:

నమస్కారం అండీ. మా బాబుకి పద్నాలుగు నిండాయి, తొమ్మిదో తరగతి. క్రోన్స్ అని, అంటే పేగుల్లో వాపు, పుళ్లు వచ్చే దీర్ఘకాలం ఉండే జబ్బని తేలి నాలుగు నెలలైంది. వచ్చే గురువారం డాక్టర్ గారికి ఏ మందో తేల్చి చెప్పాలి. రోజూ వాడు పడుకున్నాక నేనూ మా ఆయనా ఇదే మాట్లాడుకుంటున్నాం, ఒక మాట మీదికి రాలేకపోతున్నాం.

మొదట్నుంచీ చెప్తాను. క్రితం దసరా సెలవుల్లో బొడ్డుకి కుడిపక్క కింద నొప్పి అన్నాడు. బయట తిండి అనుకుని బీచ్‌లో మురీ మిక్చర్ మాన్పించాను. నులిపురుగుల మందు, గ్యాస్ మందు అన్నీ అయ్యాయి. తర్వాత ఒక చోట స్కాన్ తీసి, చిన్నపేగు చివర వాపు ఉంది, పేగు టీబీ అయ్యుంటుందని టీబీ మందులు రాశారు. కెమెరా వేయలేదు, ముక్క తీసి పరీక్షకి పంపలేదు. రెండు నెలలకీ తగ్గకపోతే "కోర్సు పూర్తి చెయ్యాలమ్మా" అన్నారు. ఐదు నెలలు మింగాడు. 38 కిలోల పిల్లాడు 33కి దిగిపోయాడు. అప్పుడు డాక్టర్‌ని మార్చాం. కొలనోస్కోపీ, బయాప్సీ, పేగుకి ఎంఆర్ స్కాన్ అయ్యాక క్రోన్స్ అన్నారు. చిన్నపేగు చివర చాలా మేర పుళ్లు ఉన్నాయట.

ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాక మూడు వారాల్లో నొప్పి పోయింది. అన్నం అడిగి తిన్నాడు. కానీ మొహం గుండ్రంగా ఉబ్బిపోయి, నుదురంతా మొటిమలు. డోసు తగ్గిస్తూ 10 మిల్లీగ్రాముల కిందికి వచ్చేసరికి రెండుసార్లూ నొప్పి తిరగబెట్టింది. ఇక స్టెరాయిడ్ మీద ఉంచలేం అంటున్నారు. రెండు దారులు చెప్పారు. ఒకటి, ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించి పేగు వాపుని అణిచే అజాథయోప్రిన్ మాత్రలు వేసి మూడు నెలలు చూడటం. రెండు, అదే పని వేరే దారిలో చేసే అడాలిముమాబ్ ఇంజెక్షన్ నేరుగా, లేదంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ సెలైన్. డాక్టర్ గారి మొగ్గు ఇంజెక్షన్ వైపే ఉంది. ఎముకల వయసు చూడటానికి చేతి ఎక్స్‌రే తీస్తే పన్నెండేళ్ల పిల్లాడిదిలా ఉందన్నారు. ఎదగాల్సిన రెండు మూడేళ్లూ ఇవేనట, పోతే మళ్లీ రావట.

ఆ మాట దగ్గరే నా ప్రాణం కొట్టుకుంటోంది. ఏడో తరగతిలో ప్రేయర్ లైన్లో వెనకనుంచి మూడోవాడు. మొన్న స్కూలుకి వెళ్తే గేటు దగ్గర్నుంచి చూశాను, ముందునుంచి రెండోవాడిగా నిలబడ్డాడు. వాడి వెనక ఉన్న వాడి ఫ్రెండ్‌కి మీసం వస్తోంది.

మా ఆయన ఇంజెక్షన్ తాలూకు కాగితం మొత్తం చదివి, లింఫోమా (తెల్ల రక్తకణాల్లో వచ్చే ఒక క్యాన్సర్) అన్న పదం కింద పెన్నుతో గీత గీసి నా ముందు పెట్టారు. మా అత్తగారు "ఇంత చిన్న గుంటడికి జన్మంతా సూదులా" అని ఏడుస్తారు. మాత్రలతో పోయేదానికి ఇంజెక్షన్ దాకా వెళ్తున్నామా? లేక భయపడి మాత్రలు పెట్టి, టీబీ మందుల్లాగే ఇంకో నాలుగు నెలలు పోగొట్టుకుంటామా? ఈ దారిలో నడిచినవాళ్లు ఉంటే చెప్పండి.

గాజువాక నాన్న:

అమ్మా, మా పాపకి పన్నెండో ఏట తేలింది, ఇప్పుడు పదహారు. మేం మాత్రలే ముందు ఎంచుకున్నాం, సరిగ్గా మీ ఇంట్లో అనుకున్న కారణాలతోనే. సూది వద్దు, మాత్ర మెత్తనిది అనుకున్నాం. అజాథయోప్రిన్ మెత్తని మందు కాదండీ. మూడో వారంలో దువ్వెన నిండా జుట్టు వచ్చింది. దిండు మీద, బాత్రూమ్ జాలీలో అంతా జుట్టే. రక్త పరీక్షలో తెల్ల కణాలు బాగా పడిపోయాయి, వెంటనే ఆపేశారు. తర్వాత జీన్ పరీక్ష చేస్తే ఎన్‌యూడీటీ15 అనే జీన్‌లో తేడా ఉందని తెలిసింది. మనవాళ్లలో ఈ తేడా కొంతమందికి ఉంటుంది. టీపీఎంటీ అనే ఇంకో జీన్ ఒక్కటే చూసి సరిపెడితే ఇది దొరకదు. మాత్ర మొదలుపెట్టేటట్టయితే ఈ రెండు పరీక్షలూ ముందే చేయించమని అడగండి. మొదటి నెలల్లో రక్త పరీక్షలు కూడా తరచూ ఉండాలి. మాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకోటి, ఆ మాత్ర పడినా పని మొదలుపెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ మధ్యకాలం ఏది కాస్తుంది? మళ్లీ స్టెరాయిడే కదా. మీ బాబు విషయంలో ఇది గట్టిగా ఆలోచించాలి.

స్టెరాయిడ్ దించేటప్పుడు మేం ఆరు వారాలు పాపని ఒక్క ద్రవాహారం మీదే ఉంచాం. డబ్బా పొడి కలిపి తాగించడమే, అన్నం లేదు, టిఫిన్ లేదు. పిల్లల క్రోన్స్‌కి అది స్టెరాయిడ్ అంత పనీ చేస్తుంది, పైగా ఎదుగుదలని ఆపదు. మొదటి పది రోజులు నరకం. ఇంట్లో పోపు పెట్టలేదు మేం, నేనూ మా ఆవిడా పక్కింట్లో తినొచ్చేవాళ్లం. కానీ పాప నిలబడింది, మూడు కిలోలు పెరిగింది కూడా. మీ డాక్టర్‌ని దీని గురించి అడిగారా?

తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి వెళ్లాం. మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి. కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్కన మీ బాబుకి 165 వస్తుంది. వయల్ 100ది కాబట్టి రెండు కొనాలి. బరువు పెరిగేకొద్దీ వయల్స్ పెరుగుతాయి, ఖర్చు ఇప్పుడే లెక్కేసుకోండి. బయోసిమిలర్లు, అంటే అసలు మందుని పోలిన వేరే కంపెనీల మందులు, వచ్చాక భారం తగ్గింది. అడాలిముమాబ్‌కి ప్రపంచంలో మొదటి బయోసిమిలర్ మన దేశంలోనే వచ్చింది, 2014లో జైడస్ వాళ్లది. ఏ మందుకైనా కంపెనీ తరఫున పేషెంట్ సాయం పథకం ఉందేమో మందు రాసినప్పుడే అడగండి.

ఏడాదిన్నరలో పాప 9 సెంటీమీటర్లు పెరిగింది. నాలుగు నెలలు ముందే మొదలుపెట్టి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

పెందుర్తి కుర్రాడు:

ఆంటీ, నాకు ఇరవై మూడు. పదిహేనో ఏట వచ్చింది. మీరు రాసిందంతా చదివాను, అందులో మీరున్నారు, అంకుల్ ఉన్నారు, నానమ్మ ఉంది. బాబు ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. తప్పు పట్టడం లేదు, మా ఇంట్లోనూ అంతే.

నాకు రోజూ మాత్రలు పెట్టారు. మొహం ఉబ్బిందని స్కూల్లో అందరూ బుగ్గలు గిల్లేవారు. స్టెరాయిడ్ ఏదో, మిగతావి ఏవో నాకు తేడా తెలియదు, అన్నిటి మీదా కోపమే. అన్నీ జామెట్రీ బాక్స్‌లో అడుగున కాగితం కింద దాచేవాణ్ని. అమ్మకి స్ట్రిప్ ఖాళీగా కనపడేది. డాక్టర్ మందు పనిచేయట్లేదని డోసు పెంచేవారు. పంతొమ్మిదో ఏట పేగు సన్నబడిపోయి ఆపరేషన్ చేసి ఒక అడుగు దాకా తీసేశారు. ఇప్పుడు రెండు వారాలకోసారి అడాలిముమాబ్ నేనే వేసుకుంటాను.

ఆ వయసులో నేను అడగాలనుకుని అడగలేని ప్రశ్నలు లింఫోమా గురించి కాదు. క్లాసు మధ్యలో బయటికి వెళ్లాలంటే సార్ ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? అరకు ట్రిప్‌కి వెళ్లొచ్చా? బస్సయితే వెళ్లలేను, కిరండూల్ ప్యాసింజర్‌లో అయితే బాత్రూమ్ ఉంటుంది కాబట్టి వెళ్లగలను, ఆ మాట ఎవరితో అనాలి? నాకు మీసం వస్తుందా రాదా? ఇవి బాబుని అడగండి. రోజూ మాత్ర వాడికి నయమా, పదిహేను రోజులకో సూది నయమా, రెండు నెలలకోసారి ఒక పూట ఆసుపత్రిలో కూర్చోవడం నయమా, వాడిచేతే చెప్పించండి. వాడు ఒప్పుకున్న మందే వాడి ఒంట్లోకి వెళ్తుంది ఆంటీ.

డే కేర్ సిస్టర్:

అక్కా, నేను పదకొండేళ్లుగా ఈ సెలైన్లు ఎక్కించే వార్డులో నర్సుని. ఏ మందు అన్నది మీ డాక్టరే చెప్పాలి. మీ భయాల గురించి నాకు తెలిసింది చెప్తాను.

అన్నయ్య గారు గీత గీసిన పదం నిజమే. మగపిల్లల్లో, కుర్రాళ్లలో హెపటోస్ప్లీనిక్ టీ సెల్ లింఫోమా అని ఒకటి వస్తుంది. చాలా చాలా అరుదు, వస్తే మాత్రం ప్రాణాంతకం. అయితే అది వచ్చినవాళ్లలో ఎక్కువమంది అజాథయోప్రిన్ రకం మాత్రలు వాడినవాళ్లే, విడిగానో, ఇంజెక్షన్‌తో కలిపో. మాత్ర అయితే ఆ భయం లేదనుకోవడం సరికాదు. అందుకే మగపిల్లలకి ఇంజెక్షన్‌తో పాటు ఇంకో మందు కావాలంటే కొందరు డాక్టర్లు తక్కువ డోసు మెథోట్రెక్సేట్ రాస్తారు. అది వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేస్తే ప్రమాదం. క్యాలెండర్ మీద రోజు రాసి పెట్టుకోవాలి.

అత్తయ్య గారికి ఇది చెప్పండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని పిల్లల క్రోన్స్‌కి అమెరికాలో 2006లో ఒప్పుకున్నారు, అడాలిముమాబ్‌ని 2014లో. మీ బాబు మీద కొత్తగా ప్రయోగం చేస్తున్నది కాదు.

మన దేశంలో అసలు భయపడాల్సింది టీబీకి. ఈ ఇంజెక్షన్లు లోపల నిద్రపోతున్న టీబీని లేపుతాయి. ఐదు నెలలు టీబీ మందులు వాడాడు కదా, ఇక పరీక్ష ఎందుకు అనుకోకండి. ఛాతీ ఎక్స్‌రే, క్వాంటిఫెరాన్ అనే టీబీ రక్త పరీక్ష రెండూ కావాలి, ఆ పాత మందుల చీటీలన్నీ కూడా పట్టుకెళ్లండి. హెపటైటిస్ బి పరీక్ష చేయించండి. చికెన్‌పాక్స్ వచ్చిందా, టీకా పడిందా చెప్పండి. అది బతికున్న వైరస్ టీకా, ఇంజెక్షన్ మొదలయ్యాక వేయకూడదు. స్టెరాయిడ్ మీద ఉన్నాడు కాబట్టి ఇప్పుడైనా వేయొచ్చో లేదో డాక్టరే చెప్పాలి. మొదలయ్యాక జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి చూద్దాం అని ఇంట్లో ఉండిపోవద్దు, ఫోన్ చేయండి.

అడాలిముమాబ్ అయితే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్‌కి నేరుగా ఆనించకండి, మధ్యలో గుడ్డ పెట్టండి. బయట ఉంచాల్సి వస్తే 25 డిగ్రీల లోపు 14 రోజులు అంటారు, కానీ మన వైజాగ్‌లో ఏసీ లేని గది 25 ఎప్పుడుంటుంది? తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా కరెంటు సంగతి ముందే చూసుకోండి. హుద్‌హుద్ అప్పుడు మా వీధిలో ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకున్నవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో కళ్లారా చూశాను.

మర్రిపాలెం అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం. పెందుర్తి బాబూ, నువ్వు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నిజంగానే వాడిని అడగలేదు.

నిన్న రాత్రి వాళ్ల నాన్న, నేను, వాడు మేడ మీద కూర్చున్నాం. మూడు మందుల సంగతీ చెప్పాను, లింఫోమా మాట కూడా దాచలేదు. వాడు మొదట అడిగింది "ఏది వేస్తే స్టెరాయిడ్ తొందరగా ఆగుతుంది?" అని. నేను చెప్పేలోగా వాళ్ల నాన్నే చెప్పారు, ఇంజెక్షన్ అని. కాగితం మీద గీత గీసిన మనిషి ఆయన. తర్వాత వాడు, ఆసుపత్రిలో అయితే స్కూలు పోతుంది, ఇంట్లో శనివారం రాత్రి వేస్తే ఎవరికీ తెలియదు, అదే కావాలి అన్నాడు. క్లాస్ టీచర్‌కి మాత్రం నన్ను చెప్పమన్నాడు, అడగకుండా బయటికి వెళ్లేలా. ఆ ఒక్క మాటకి ఎన్నాళ్లనుంచి ఎదురుచూస్తున్నాడో.

డాక్టర్ గారికి ఫోన్ చేసి ద్రవాహారం గురించి అడిగాను. స్టెరాయిడ్ దించేటప్పుడు పెట్టి చూద్దాం, పేగు పుళ్లు మానడానికీ మంచిదే అన్నారు. నెలకోసారి ఎత్తు, బరువు, కొన్ని నెలలకోసారి మలంలో పేగు వాపుని తెలిపే కాల్‌ప్రొటెక్టిన్ చూస్తారట, నొప్పి లేదని జబ్బు లేదనుకోకూడదని. ఎక్స్‌రే అయింది. క్వాంటిఫెరాన్‌కి రక్తం ఇచ్చాం. అది బాగుంటే గురువారం అడాలిముమాబ్ రాస్తారు.

సిస్టర్, ఒక్కటే అడగాలి. వాడి తొడ పట్టుకుంటే నా గుప్పిట్లోకి వచ్చేస్తుంది, కండే లేదు. పొట్ట మీద వేయొచ్చా?

డే కేర్ సిస్టర్:

వేయొచ్చక్కా. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలి, చర్మం మెల్లగా పైకి పట్టుకుని వేయాలి. కిందటిసారి వేసిన చోటు కాకుండా చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచితే మంట తగ్గుతుంది. మొదటిది మాత్రం ఆసుపత్రిలోనే వేయించండి, బాబుని చూస్తుండమనండి, మూడోదో నాలుగోదో తనే వేసుకుంటాడు.