ఇంటరాక్షన్లు బట్టీ పట్టాలా, యాప్‌లో చూస్తే చాలదా?

బిళ్లల_డబ్బా: మందుల ఇంటరాక్షన్ల (ఒక మందు ఇంకో మందు పనిని మార్చడం) పట్టిక మొత్తం ఫార్మసీ పరీక్షకి నోటికి రావాలట. ఇంటరాక్షన్ చెకర్ యాప్‌లో రెండు మందుల పేర్లు కొడితే క్షణంలో తెలిసేదానికి ఇంత టెన్షన్ ఎందుకు?

మూడో_షిఫ్ట్: చెకర్ మీరు కొట్టిన పేర్లకే జవాబిస్తుంది కాబట్టి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడే పేషెంటుకి రిఫాంపిసిన్ (టీబీ మందు) కోర్సు పోయిన వారమే అయిపోయిందనుకోండి. ఇవాళ్టి చీటీలో రిఫాంపిసిన్ లేదు, చెకర్ కిక్కురుమనదు. కానీ అది లివర్‌లో పెంచిన, వార్ఫరిన్‌ని విరగ్గొట్టే ఎంజైములు మళ్లీ మామూలు స్థాయికి రావడానికి రెండు వారాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. వాటిని తట్టుకోవడానికి అప్పుడు పెంచిన వార్ఫరిన్ డోసు అలాగే ఉంటే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే కొలత) పైకెక్కి రక్తస్రావం దాకా పోతుంది. "ఈమధ్య ఏ మందు ఆపారు?" అని అడగాల్సింది మనమే.

పాత_కౌంటర్: నిజమే, కానీ అది మెకానిజం తెలియడం. బట్టీ కాదు. జ్ఞాపకం మీద మందులిచ్చేవాళ్లంటే నాకు భయం. సిప్రోఫ్లాక్సాసిన్ (యాంటీబయాటిక్) అనగానే అందరూ యాంటాసిడ్ అంటారు, టిజానిడిన్ (కండరాల బిగువు తగ్గించే మందు) ఎంతమందికి గుర్తొస్తుంది? టిజానిడిన్‌ని విరగ్గొట్టే లివర్ ఎంజైము సీవైపీ1ఏ2కి సిప్రో అడ్డుపడితే రక్తంలో టిజానిడిన్ దాదాపు పది రెట్లు పెరుగుతుంది, బీపీ పడిపోతుంది. ఆ రెండూ కలిపి ఇవ్వనే కూడదు. అందుకే ప్రతిసారీ చూసుకోవాలి.

మూడో_షిఫ్ట్: చూడొద్దని ఎవరన్నారండీ? ఒకే జతని ఒక చెకర్ 'తీవ్రం' అంటే ఇంకోటి 'మధ్యస్థం' అంటుంది. ఎర్ర గుర్తులు చూసీ చూసీ చదవకుండానే దాటేస్తున్నారు. స్టాక్లీ (మందుల ఇంటరాక్షన్ల పుస్తకం) తెరవండి: ఆధారం ఎంత గట్టిది, ఎలా జరుగుతుంది, ఏం చేయాలి, అన్నీ విడివిడిగా ఉంటాయి. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్) రాస్తే కోర్సు అయ్యేదాకా సిమ్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) ఆపమంటారా, అజిత్రోమైసిన్‌కి మారుస్తారా అని డాక్టర్ని అడగాలంటే ఎర్ర గుర్తు ఒక్కటే సరిపోదు.

బిళ్లల_డబ్బా: మరి కచ్చితంగా గుర్తుండాల్సినవి ఏవి సార్?

పాత_కౌంటర్: వార్ఫరిన్, డిగాక్సిన్, లిథియం, ఫెనిటోయిన్, సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్. డోసు కాస్త అటూఇటూ అయినా ప్రమాదమే. చీటీలో ఇవి కనిపిస్తే చెయ్యి ఆగాలి. ఎంజైములని అణిచేవి, పెంచేవి ముఖ్యమైనవి కూడా రావాలి. మిగతాదంతా దండగ. ఇంతకీ మీ పట్టికలో టెర్ఫెనడిన్ (పాత అలర్జీ మందు) ఉందా? అమెరికాలో 1998లోనే మార్కెట్ నుంచి తీసేశారు.

బిళ్లల_డబ్బా: ఉంది సార్. మొదటి వరుసలోనే 😅

మూడో_షిఫ్ట్: దాన్ని మాత్రం కొట్టేయకండి. కీటోకొనజోల్ (ఫంగస్ మందు) సీవైపీ3ఏ4 అనే ఇంకో లివర్ ఎంజైముని అణిస్తే టెర్ఫెనడిన్ ఫెక్సోఫెనడిన్‌గా మారలేక పేరుకుపోయి గుండె లయ తప్పేది. అదే ఫెక్సోఫెనడిన్‌ని అలర్జీకి ఇప్పటికీ ఇస్తున్నాం.