రికార్డు వాయించి చూడకుండా ‘నియర్ మింట్’ అని అమ్మొచ్చా?

గోదారిగట్టు:
మా మావయ్య పోయాక ఆయన ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) 180 దాకా నాకు మిగిలాయి. రాజమండ్రిలో మాది చిన్న ఇల్లు, పెట్టుకునే చోటు లేక రెండు నెలలుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఒక్కోటీ ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, గీతలు లేకపోతే ‘నియర్ మింట్’ (దాదాపు కొత్తది) అని రాస్తున్నాను. పోయిన వారం బెంగళూరు ఆయన ఒకరు 1,400 పెట్టి కొన్న పాత సినిమా రికార్డును తిరిగి పంపేశారు. "చూస్తే అద్దంలా ఉంది, వింటే పకోడీలు వేగుతున్నాయి, మొత్తం డబ్బు ఇచ్చేయండి" అంటున్నారు. నా దగ్గర ప్లేయరే లేదు. ఉన్నా, ఎల్పీకి 40 నిమిషాల చొప్పున అన్నీ వినాలంటే ఐదు రోజులు నిద్రాహారాలు మానుకోవాలి. నాది తప్పంటారా?

సూదిమొన:
తప్పేనండీ. గీత కంటికి కనబడుతుంది, అరుగుదల కనబడదు. ఆ రోజుల్లో మనవాళ్ళ ఇళ్ళలో ఉన్న ప్లేయర్ల ముల్లు ఐదు గ్రాములో ఇంకా ఎక్కువో బరువు మోపేది. ఇప్పటి మంచి కార్ట్రిడ్జి, అంటే ముల్లు ఉండే భాగం, సాధారణంగా రెండు గ్రాముల దగ్గరే ఉంటుంది. పైగా ముల్లు అరిగినా మార్చేవారు కాదు, పాట వినబడుతోందిగా అని. అలా వందసార్లు తిరిగిన రికార్డు పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. వాయిస్తే ‘స’, ‘ష’ వచ్చిన చోటల్లా ఉమ్మేసినట్టు వినిపిస్తుంది. పై స్థాయి అందుకునేసరికి గొంతు బీటలు వారుతుంది. లేబుల్‌కి దగ్గరగా ఉండే చివరి పాట మరీ ఘోరం.

గోల్డ్‌మైన్ అనే అమెరికా పత్రిక పెట్టిన కొలతలే ఇవాళ ఎక్కువమంది వాడేది. అందులో ‘నియర్ మింట్’ అంటే దాదాపు కొత్తది. ‘వెరీ గుడ్’ అంటేనే చిటపటలు ఉంటాయని అర్థం, ఒట్టి ‘గుడ్’ అంటే బాగా అరిగిపోయిందని. ముందు ఈ భాష నేర్చుకుని అమ్మకానికి దిగాల్సింది.

ఆబిడ్స్_ఆదివారం:
సూదిమొన గారూ, మీరు మరీ పంతులుగారి లెక్కలో వాయించేస్తున్నారు. ఆయన అమ్మేది చాలావరకు మూడొందలు, నాలుగొందల సరుకు. దానికోసం 40 నిమిషాలు కూర్చుని వింటే గంటకి ఎంత కూలి పడినట్టు? ఇరవై ఏళ్ళుగా ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద కొంటున్నాను, ఒక్కడూ వాయించి చూపించలేదు. చూసి గ్రేడ్ వెయ్యడం ప్రపంచమంతా ఉన్నదే. "చూసి వేసిన గ్రేడ్, వాయించలేదు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

ఇంకో మాట. పకోడీల చప్పుడు అరుగుదల కాదు. దుమ్మో, బూజో, రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటో అయ్యుంటుంది. గోదారి జిల్లాల తేమకి రికార్డు పెట్టే అట్టలోపల బూజు పట్టకుండా ఉంటుందా? కడిగి వినమనండి. కొన్నాయనది చవకబారు సూట్‌కేస్ ప్లేయర్ కాదని ఎవరికి తెలుసు?

మైక్‌సెట్_మనవడు:
మా తాతగారికి తణుకు పక్క ఊళ్ళో మైక్‌సెట్ ఉండేది. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి, అన్నిటికీ అవే రికార్డులు. ఘంటసాల భగవద్గీత అయితే తెల్లవారుజామున గుళ్ళో వేసేవారు, సాయంత్రానికి చావింట్లో వేసేవారు. దాన్ని ఎవరైనా ‘నియర్ మింట్’ అని అమ్మితే నేను నమ్మను.

వాయించకుండానే కొంత కనిపెట్టొచ్చు. మధ్య కన్నం చుట్టూ లేబుల్ మీద సన్నటి మెరుపు గీతలు చూడండి. రికార్డు ఎక్కించేటప్పుడు ఇరుసు తగిలి పడతాయి. అవి గజిబిజిగా ఉంటే బాగా తిరిగిందన్నమాట. లేబుల్ మీద ఫలానా సౌండ్ సర్వీస్ అని రబ్బరు స్టాంపు ఉంటే ఇంక చెప్పేదేముంది.

డల్లాస్_బాబాయి:
ఆబిడ్స్ తమ్ముడూ, ఫుట్‌పాత్ పోలిక ఇక్కడ అతకదు. అక్కడ నీ కళ్ళతో చూసి, బేరమాడి, నీ రిస్కు మీద కొంటావు. ఇక్కడ నేను కొనేది అమ్మేవాడి మాట. నాకు ఇండియా నుంచి పార్సిల్ ఖర్చే రికార్డు ధరకి రెండింతలవుతుంది. బాగాలేదని వెనక్కి పంపే వీలు కూడా ఉండదు. అన్నీ వినమని నేనూ అనను. వెయ్యి దాటినవి మాత్రం రెండు వైపులా మొదటి పాట, చివరి పాట వినాలి. పదిహేను నిమిషాల పని.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. స్నేహితుడి ఇంట్లో మంచి ప్లేయర్ ఉంటే తీసుకెళ్ళాను. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క గిన్నెల లిక్విడ్ వేసి, లేబుల్ తడవకుండా కడిగి విన్నాం. ఆబిడ్స్ గారు చెప్పినట్టే పకోడీలు ముప్పావు వంతు పోయాయి. కానీ రెండో వైపు చివరి పాటలో గొంతు బొంగురు పోతూనే ఉంది, అది సూదిమొన గారి ఖాతా. లేబుల్ మీద గీతలు కూడా బాగానే ఉన్నాయి.

వాయించనివాటి గ్రేడ్ అంతా రెండు మెట్లు తగ్గించి, ‘వాయించలేదు’ అని రాసేశాను. చిక్కు ఇంకోటి. ఆయన తిరిగి పంపేటప్పుడు రికార్డును అట్టలోనే ఉంచి పంపారు. దారిలో అదురుకి అట్ట పై అంచు మొత్తం చీలింది. నేను పంపినప్పుడు రికార్డు బయటికి తీసి, విడి కవర్లో పెట్టి, రెండు వైపులా గట్టి అట్టముక్కలు కట్టి పంపాను, ఫోటోలున్నాయి. ఇప్పుడు 1,400 మొత్తం ఇవ్వాలా?

డల్లాస్_బాబాయి:
ఇవ్వాలి. మొదటి తప్పు నీది.

ఆబిడ్స్_ఆదివారం:
ఎందుకివ్వాలి బాబాయ్? అట్ట బాగుంటేనే కదా ఆ రికార్డుకి 1,400. చీలిపోయిన అట్టతో ఇప్పుడు 500 కూడా రావు. సగం ఇచ్చి, ఫోటోలు పెట్టి, మర్యాదగా మాట్లాడమనండి.

సూదిమొన:
ఈ విషయంలో ఆబిడ్స్ గారితో ఏకీభవిస్తున్నాను, రాసుకోండి. గోదారిగట్టు గారూ, మీ పెట్టెలో పాత 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు) ఉంటే వాటిని ఆల్కహాల్ కలిసిన దేంతోనూ తుడవకండి. అవి లక్కవి, కరిగిపోతాయి. ఎల్పీ ముల్లుతో వాయించకండి, వాటి గాడి వెడల్పు వేరు.

గోదారిగట్టు:
పదకొండు ఉన్నాయి. నిన్ననే ఒకటి శానిటైజర్‌తో తుడిచాను.