నవలను చదవాలా, కోసి చూడాలా?

చౌరస్తా: మన వరంగల్ నవీన్ గారి 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియాలో చదివే రవి మనసులో ఒక్క రోజు ఏం నడుస్తదో అదే నవల. మనసుల ఆలోచనలు ఎట్లొస్తే అట్ల రాసే ఈ పద్ధతిని చైతన్య స్రవంతి అంటరు. అది తెల్వకుండ, పెన్సిల్ పట్టకుండ చదివితే సగం జారిపోతది. ఉత్త ఆనందం కోసం చదువుడు ఇసొంటి వాటికి పనికిరాదు.

కాజీపేట ప్యాసింజర్: అన్నా, నిద్ర పట్టనప్పుడు ఒక ఆలోచన తోక పట్టుకొని ఇంకోటి వచ్చుడు ఎవ్వరికి తెల్వదు? ఆ పేరు తెలిస్తేనే అర్థమైతదా? మొదటి 30 పేజీలు ఆగకుండ పోవాలె. ఇప్పుడు జరిగేదా, పాతది యాదికొచ్చిందా అన్నది ఒక్కోసారి నాలుగు వాక్యాలు దాటితేగని తేలదు. తేలలేదని వెనక్కి తిప్పితే అక్కడ్నే ఊపు పోతది, పుస్తకం పక్కకు పడ్తది. లెక్క కూడ చూడు: పేజీకి 2 నిమిషాలైతే 300 పేజీల నవల 10 గంటలు. నోట్సు రాసుకుంట పేజీకి 5 నిమిషాలు పెడితే 25 గంటలు.

నిలయం సభ్యుడు: పెన్సిల్ గురించి ఒక మాట. హన్మకొండల మా గ్రంథాలయం, రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1904 నాటిది. అసొంటి చోట పాత పుస్తకాల కాగితం పెళుసు. రబ్బరు రుద్దితే నూగు లేస్తది, అచ్చు కూడ పోతది. సన్నటి కాగితం ముక్క మీద ఒక్క మాట రాసి పేజీల పెట్టుండ్రి, పుస్తకం ఇచ్చేటప్పుడు తీసేయుండ్రి. ముందుమాట ఆఖరికి చదువుండ్రి. చాలావాటిల్లో కథంతా అక్కడ్నే విప్పేస్తరు.

చౌరస్తా: సరే, మరి గడి, దొర, వెట్టి అంటే ఏందో తెల్వనోడు నిజాం నాటి తెలంగాణ నవల ఎట్ల ఆనందిస్తడు?

కాజీపేట ప్యాసింజర్: అది మాటకు అర్థం తెలుసుకునుడు, విశ్లేషణ కాదు. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, వెట్టి అంటే కూలి ఇయ్యకుండ చేయించే చాకిరి. రెండు ముక్కలల్ల చెప్పి కథలకు పోవచ్చు. శిల్పం, ప్రతీక, పాత్రచిత్రణ అని ముందే గీతలు గీసుకున్నోడు మాత్రం ఆ గీతల్లో ఇమిడేదే చూస్తడు. గైడు చదివి నవల చదివిన అనుకునే డిగ్రీ పోరల తిప్పలు అదే కదా. రెండోసారికి చీటీలు పెట్టిన 20 పేజీలే తిరగెయ్, గంటల అయిపోతది. అప్పుడు ఎంత కోసినా నొప్పి లేదు.

చౌరస్తా: ముందుమాట ఆఖరికి అన్నది ఒప్పుకుంట. సొంత పుస్తకంల మాత్రం గీస్త.

నిలయం సభ్యుడు: గీయుండ్రి. ఆ కాపీ మాకు దానమియ్యకుంటె సాలు.