బొడ్డుతాడు రక్తం దాచాలా వద్దా? వచ్చే నెల డెలివరీ

ఎంవీపీ_కాబోయే_నాన్న: స్కానింగ్‌కి వెళ్ళినప్పుడల్లా బయట బెంచీ మీద ఒకతను ఫైలు పట్టుకుని ఉంటున్నాడు. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలుంటాయి (కొత్త రక్తకణాల్ని పుట్టించేవి), దాచుకుంటే రేపు బిడ్డకి ఏ బ్లడ్ క్యాన్సరో వస్తే అవే ఎక్కించొచ్చు, ఈఎంఐ కూడా ఉంది అంటన్నాడు. కట్టమంటారా?

గాజువాక_శ్రీను: వద్దు తమ్ముడూ. తలసీమియా లాంటి పుట్టుజబ్బైతే ఆ లోపం ఆ రక్తంలోనూ ఉంటాది. లుకేమియాకి, అదే బ్లడ్ క్యాన్సర్‌కి, మామూలుగా సొంత బొడ్డుతాడు రక్తం వాడరు, జబ్బు మొదలు అందులోనే ఉండొచ్చు. ఐసీఎంఆర్ (కేంద్రం వైద్య పరిశోధన సంస్థ) కూడా ప్రైవేటుగా దాచుకోమని చెప్పట్లేదు.

సుజాత_మద్దిలపాలెం: మరి 1988లో పారిస్‌లో పిల్లాణ్ణి బతికించింది బొడ్డుతాడు రక్తమే కదండీ?

గాజువాక_శ్రీను: వాడి సొంతది కాదు మేడం, అప్పుడే పుట్టిన చెల్లెలిది. వాడికి ఫాంకోనీ ఎనీమియా, మజ్జ సరిగ్గా రక్తం తయారుచెయ్యలేని పుట్టుజబ్బు. ఇంట్లో ఆల్రెడీ జబ్బున్న బిడ్డుంటే దాచడం వేరు.

సుజాత_మద్దిలపాలెం: చెల్లెలిదైతే ఏంటి, పనికొచ్చిందా లేదా?

కంచరపాలెం_రవి: ఈఎంఐ ఎన్నేళ్ళు?

గాజువాక_శ్రీను: నేను అడిగేది ఎవరి రక్తం అని, మీరు మళ్ళీ పారిస్ అంటారు. ఒక్క బొడ్డుతాడులో వచ్చే కణాలు పెద్దవాళ్ళకి చాలాసార్లు సరిపోవు కూడా. మా అక్కకి మూలకణాలు నేనే ఇచ్చాను. ఐదు రోజులు ఇంజక్షన్లు, నడుం, తొడ ఎముకలు సలుపు, పారాసిటమాల్ వేసుకున్నా. తర్వాత ఒక చేతిలోంచి రక్తం మిషన్లోకెళ్ళి మూలకణాలు తీసుకుని మిగతాది రెండో చేతిలోకి వచ్చేస్తాది. నాలుగ్గంటలు టీవీ చూస్తా పడుకున్నా, వారానికి డ్యూటీకెళ్ళిపోయా. మనుషులుండగా ఫ్రీజరెందుకు?

సుజాత_మద్దిలపాలెం: మనుషులా!! మా ఆయనకి లుకేమియా. తోబుట్టువు కణాల రకం పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే అన్నారు, మా మరిది కలిశాడు. అత్తగారు పూజలు చేయించారు. తీరా ఇవ్వాల్సిన ముందురోజు వెన్నుపూస పాడవుద్ది, పిల్లలు పుట్టరు అని తోడికోడలు వాళ్ళింట్లో ఎవరో అన్నారంట, ఫోన్ స్విచాఫ్. ఫ్రీజర్లో సంచి ఫోన్ స్విచాఫ్ చెయ్యదు శ్రీనుగారూ. ఆయన పోయి మూడేళ్ళు.

గాజువాక_శ్రీను: అయ్యో. క్షమించండమ్మా, పారిస్ దగ్గరే పట్టుకుని కూర్చున్నా. వెన్నుపూస జోలికే వెళ్ళరు, మజ్జ తీసినా తుంటి ఎముక నుంచే, మళ్ళీ ఊరిపోతాది. మీ మరిదికి ఇది ఎవరైనా సరిగ్గా చెప్పుంటే...

సుజాత_మద్దిలపాలెం: చెప్పారండీ. డాక్టరుగారు కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మేసి మరీ చెప్పారు. తలూపి సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసే ఈయనకి పాత మజ్జని చంపే కీమో మొదలెట్టేశారు.