మందు పెట్టారా, మందు వికటించిందా?

ప్రశ్న: ఫ్రాన్స్ రాజు ఏడో చార్లెస్ ప్రియురాలు ఆన్యెస్ సొరెల్ మీద వ్యాసం రాస్తున్నాను. "విషప్రయోగంతో చంపబడింది" అన్నాను. సరిపోతుందా అండీ?

జవాబు: 'చంపబడింది'ని మార్చడం తేలికే. నా అభ్యంతరం 'విషప్రయోగం' మీద. ప్రయోగం అన్నామంటే ప్రయోగించినవాడు ఒకడుండాలి. ఆన్యెస్ విషయంలో వాడు అసలు ఉన్నాడో లేడో కూడా తేలలేదు.

1450 చలికాలంలో రాజు నార్మండీలో ఇంగ్లీషువాళ్లతో యుద్ధం చేస్తున్నాడు. ఆన్యెస్ గర్భంతోనే అంత దూరం ఆయన దగ్గరికి వెళ్లింది. జుమియేజ్ మఠం దగ్గర ఫిబ్రవరి 9న చనిపోయింది. బిడ్డా దక్కలేదు. విరేచనాలతో పోయిందన్నారు. మరుసటి ఏడాది, రాజుకు అప్పులిచ్చిన వర్తకుడు జాక్ కర్ విషం పెట్టాడని నింద వేశారు. అది నిలవలేదు, చివరికి వేరే నేరాల కింద శిక్షించారు. తండ్రితో పడని యువరాజు లూయీని కూడా జనం అనుమానించారు.

2005లో ఆమె అవశేషాల పరీక్ష ఫలితాలు వచ్చాయి. పాదరసం విపరీతంగా ఉంది. ఆమె కడుపులో ఏలికపాములు ఉండేవనీ తెలిసింది. ఆ రోజుల్లో ఏలికపాములకు పాదరసం కూడా మందే! అంటే వైద్యుడి చెయ్యి జారిందా, ఎవరైనా కావాలనే మోతాదు పెంచారా? పాదరసం దొరికింది గానీ, ఇచ్చినవాళ్ల మనసులో ఏముందో పరీక్షలో దొరకదు కదా.

మన భాషలో ఈ తేడా క్రియలోనే ఉంది. 'మందు ఇచ్చారు' అంటే వైద్యం. 'మందు పెట్టారు' అంటే కుట్ర, ఏ పల్లెలో అడిగినా చెబుతారు. 'మందు వికటించింది' అంటే ఎవరి తప్పూ లేదని మనమే తీర్పిచ్చినట్టు. అందుకే "ఒంట్లో పాదరసం ఎక్కువై చనిపోయింది" అని రాయండి. తెలిసినంతే చెబుతుంది ఆ వాక్యం. ఆరోపణల్ని తర్వాతి పేరాలో, ఎవరు ఎవరి మీద చేశారో చెప్పి రాయొచ్చు.

మరో సభ్యురాలు: ఆమె బిరుదు 'దామ్ ద బోతే'ని చాలామంది 'సౌందర్యరాణి' అని రాస్తారు, అదీ చూసుకోండి. బోతే అంటే అందమే, కానీ మార్న్ నది ఒడ్డున రాజు ఆమెకిచ్చిన కోట పేరు కూడా అదే. రాజుగారి తాత ఐదో చార్లెస్ 1380లో చనిపోయింది అక్కడే. వెంకటగిరి రాజాని 'కొండ రాజా' అనం కదా! 'బోతే దొరసాని' అనండి, శ్లేషను పక్కనే ఒక వాక్యంలో చెప్పండి.